ఒడ్డు నుంచి పొయ్యి దాకా: తీరంలో చేపలు వండుకునే ప్రయాణికులకు

సంపాదకులకు నమస్కారం.

కార్తీకం వెళ్లగానే మన తీరం వైపు కార్లూ బైకులూ మళ్లుతాయి. నెల రోజులు నీచు ముట్టని ఇళ్లలో నాలుక చేప కోసం చూస్తుంటుంది. ఆ వెనకే సంక్రాంతి సెలవులు. పదహారో నంబరు జాతీయ రహదారి మీద పోతూ పూసపాటిరేగ దగ్గర చింతపల్లికో, శ్రీకాకుళం నుంచి కళింగపట్నానికో, సోంపేట దగ్గర బారువకో తిరిగి, ఒడ్డున గుడారం వేసుకుని, పడవ దిగిన చేప కొని అక్కడే వండుకోవడం ఈమధ్య బాగా పెరిగింది.

మంచి అలవాటే. ఆ రుచి ఊళ్లో సంతకెళ్తే దొరకదు. అయితే ఆ చేప చెడిపోయేది సముద్రంలో కాదు, ఒడ్డు నుంచి పొయ్యి దాకా వచ్చే రెండు మూడు గంటల్లో. తీరం పాడయ్యేది వండుకున్నాక వదిలేసి వెళ్లిన నిప్పుతో. ఈ రెండు విషయాలూ సెలవులకు ముందే మీ పాఠకుల చెవిన పడాలని ఈ ఉత్తరం.

ముందు కొనడం. "ఇది ఇప్పుడే వచ్చిందా అమ్మా?" అని అడిగితే లాభం లేదు. ఇప్పుడే వచ్చిందంటారు, అది నిజమే కూడా. అడగాల్సింది "వల ఎప్పుడేశారు, ఎప్పుడు తీశారు?" అని. రాత్రి వేసి తెల్లారి తీసిన వలలో మొదట చిక్కిన చేప, ఒడ్డుకు చేరేసరికి చచ్చి ఆరేడు గంటలై ఉండొచ్చు. ఒడ్డు నుంచి లాగే అలివి వలలో వచ్చింది ఇంకా ఎగురుతూ ఉంటుంది. రెండూ మన కళ్ల ముందు ఒడ్డెక్కినవే, కానీ రెండింటికీ మిగిలిన సమయం ఒకటి కాదు. మొదటిదాన్ని ఐసులో పెట్టకుండా గుడారం దాకా కూడా తీసుకెళ్లకూడదు.

ఇంత పట్టింపు ఎందుకంటే, మన తీరంలో చవగ్గా, విరివిగా దొరికే కవళ్లు (సార్డిన్), కనగుర్తలు (మాకెరల్), తూర (ట్యూనా) చేపల కండలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. (కనగుర్త శాస్త్రీయనామంలో ఉన్నది కూడా 'కనగుర్త' అన్న మాటే. మన ఉత్తరాంధ్ర తీరపు పేరే ప్రపంచమంతా వెళ్లింది.) చేప చచ్చాక వెచ్చగా ఉంటే బాక్టీరియా ఆ హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మారుస్తుంది. చేప కంపు కొట్టకముందే ఈ పని మొదలైపోతుంది. ఒకసారి తయారైతే వేపినా, కాల్చినా, పులుసులో గంటసేపు మరిగించినా అది పోదు. తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల్లోపు ముఖం ఎర్రబడడం, దురద, దద్దుర్లు, తలనొప్పి, గుండెదడ వస్తాయి. చాలామంది "నాకు చేప పడదు" అనుకుని జీవితాంతం మానేస్తారు. పడనిది చేప కాదు, ఎండలో గడిపిన ఆ చేప. ముద్ద నోట్లో పెట్టగానే మిరియం కొరికినట్టు నాలుక చురుక్కుమంటే మొహమాటం లేకుండా ఉమ్మేయండి. ఆయాసం వచ్చినా, పెదాలు వాచినా 108కి ఫోన్ చేయాల్సిందే, సోడా తాగించి కూర్చోబెట్టకూడదు.

కాబట్టి ఐసు చేపకన్నా ముందే కొనాలి. కిలో చేపకు కిలో ఐసు కనీసం. కారు మధ్యాహ్నం ఎండలో ఆగుతుందనుకుంటే రెండు కిలోలు. మామూలు థర్మోకోల్ పెట్టె సరిపోతుంది, కానీ అడుగున ఒక మూల పెన్సిలంత రంధ్రం పొడిచి కింద పళ్లెం పెట్టండి. కరిగిన నీళ్లు బయటికి పోవాలి. వాటిలో నానిన రొయ్య రుచంతా నీళ్లకే వదిలేస్తుంది, చేప కండ మెత్తబడి పులుసులో విడిపోతుంది. దిమ్మ ఐసును గోనెసంచిలో చుట్టి కర్రతో కొట్టి ఉసిరికాయకన్నా చిన్న ముక్కలు చేయాలి. పెద్ద గడ్డలు చేపను అక్కడక్కడే తాకుతాయి, మిగతా ఒళ్లు వెచ్చగానే ఉండిపోతుంది. అడుగున నాలుగు వేళ్ల మందం ఐసు, పైన చేప, మళ్లీ ఐసు. కడుపు తీసిన చేపైతే కడుపులో కూడా ఐసు కుక్కండి, వేడి ఆఖరున వదిలేది అక్కడే. చేపల కోసం పోసిన దిమ్మ తాగే నీటితో చేసిందన్న భరోసా లేదు, దాన్ని మజ్జిగలో, కూల్‌డ్రింకుల్లో వేసుకోవద్దు.

చూసి ఎంచుకోవడం చాలామందికి తెలిసిందే: కన్ను ఉబికి నిగనిగలాడాలి, చెవి (మొప్ప) ఎత్తితే లోపల ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. రొయ్యకు తల గట్టిగా అంటుకుని ఉండాలి. తల నల్లబడితే అది దిగి చాలాసేపైందని గుర్తు. సావడాయి (పట్టీలా పొడవుగా ఉండే చేప) మీది వెండి పొడి చేతికి అంటుతుంటే కొనొచ్చు, మాసిపోయి పసుపు తిరిగితే వద్దు.

పీత సంగతి వేరు. పీత బతికున్నప్పుడే కొనాలి, బతికున్నప్పుడే పొయ్యి దగ్గరికి చేరాలి. చచ్చిన పీత లోపలి రసాలు దాని కండనే గబగబా కరిగించేస్తాయి, బాక్టీరియా చేపలో కన్నా వేగంగా పెరుగుతుంది. బకెట్లో మంచినీళ్లు పోసి అందులో వేయడం అందరూ చేసే పొరపాటు. మంచినీళ్లకు అది తట్టుకోలేదు. ఉప్పునీళ్లయినా కదలకుండా నిలవుంటే గాలి అయిపోయి చస్తుంది. డెక్కలు కట్టేసి, సముద్రపు నీళ్లలో తడిపిన గోనెసంచిలో చుట్టి నీడలో పెడితే మడ అడవుల్లో దొరికే పచ్చపీత రేపటిదాకా కూడా ఉంటుంది. సముద్రంలో పట్టే చుక్కపీత అలా ఉండదు, కొన్ని గంటలే. రెండూ కొంటే చుక్కపీతే ముందు వండాలి. చేత్తో ఎత్తి చూడండి: ఒకే సైజువాటిలో బరువైనదే కండ పట్టినది. తేలిగ్గా ఉండి పొట్ట నొక్కితే లొత్తబడేది కొత్తగా పెంకు మార్చుకున్నది, లోపలంతా నీళ్లే. పొట్ట కింద గుడ్ల గుత్తి బయటికి కనిపిస్తున్న ఆడపీతను చవగ్గా ఇస్తామన్నా తీసుకోకండి, అది నీళ్లలోకి వెళ్లాల్సింది.

చేప శుభ్రం చేసే పని గుడారం దగ్గర పెట్టుకోవద్దు. ఒడ్డున కత్తిపీటలతో కూర్చునే ఆడవాళ్లు పది నిమిషాల్లో కిలో చేప కోసి ఇస్తారు. వాళ్ల కూలి వాళ్లకివ్వండి, బేరమాడకండి. ఏ చేపకు ముల్లెక్కడో, జెల్ల రెక్కముల్లు ఎలా విరవాలో, తోకలో ముల్లుండే టేకు చేప తోక ఎక్కడ నరకాలో వాళ్లకు తెలిసినట్టు మనకు తెలియదు. ఒకవేళ ముల్లు గుచ్చుకుంటే గాయాన్ని ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో, సుమారు 45 డిగ్రీలు, అరగంటకు తక్కువ కాకుండా ముంచి ఉంచాలి. ఆ విషం వేడికి విరుగుతుంది. నీళ్ల వేడి ముందు గాయం లేని చేత్తో చూసుకోవాలి. ఆ తర్వాత ఆసుపత్రికి.

కాల్చుకోవడానికైతే పొలుసు తీయొద్దని చెప్పండి, నిప్పుకూ కండకూ మధ్య అదే అడ్డు. పులుసుకైతే తీయించండి. ఏదైనా చెవులు, పేగులు, వెన్నుముల్లు పక్కన ఉండే నల్లటి నెత్తుటి గీత పోవాలి. చేదూ నీచువాసనా ఆ గీతలోనే ఉంటాయి. గుడారం దగ్గర ఇసుకలో పారేసిన పేగులకు రాత్రి కుక్కలు చేరతాయి. జనవరి నుంచి అవే కుక్కలు ఇసుకలో తాబేళ్లు పెట్టిన గుడ్లు తవ్వుతాయి.

ఇక నిప్పు. పగలు గాలి సముద్రం మీద నుంచి నేల వైపు వీస్తుంది, రాత్రి ముదిరేకొద్దీ నేల మీద నుంచి సముద్రం వైపు తిరుగుతుంది. సాయంత్రం గాలి చూసి పెట్టిన పొయ్యి, రాత్రి తొమ్మిదయ్యేసరికి రవ్వల్ని ఒడ్డున ఆరేసిన వలల మీదికి, లాగి పెట్టిన పడవల మీదికి విసరొచ్చు. వల నైలాను, పడవ ఫైబరు. ఒక్క రవ్వ పడితే ఒక కుటుంబం సంవత్సరం సంపాదన పోతుంది. వలలకూ పడవలకూ కనీసం వంద మీటర్ల దూరంలో, పక్కకు జరిగి పొయ్యి పెట్టండి. ఎదురుగా కాదు. సరుగుడు తోపుల్లో పొయ్యి వద్దే వద్దు. కింద చెప్పు మందాన పరుచుకున్న ఎండు సూదులకు ఒక్కసారి అంటుకుంటే ఆపలేరు. తుపాను గాలికీ ఇసుక మేటకూ అడ్డుగా పెంచిన చెట్లవి. 2018 అక్టోబరు తిత్లీ తుపానులో ఉద్దానం కొబ్బరి ఎలా నేలకూలిందో ఈ జిల్లావాళ్లకు గుర్తు చేయక్కర్లేదు.

పొడి ఇసుకలో మూడు రాళ్లు నిలవవు. గిన్నె బరువుకు ఒకటి దిగబడుతుంది, పులుసంతా ఇసుక పాలు. జానెడు లోతు తవ్వి, అడుగున తడి ఇసుక తగిలాక దాని మీద ఇటుకలు పరిచి పొయ్యి కట్టాలి. వాగు రాళ్లు, నీళ్లలో నానిన రాళ్లు వాడకండి, లోపలి తడి ఆవిరై పగిలి ముఖం మీదికి లేస్తాయి. పొయ్యి చుట్టూ తడి గోనె పరిస్తే తిరిగేవాళ్ల కాళ్ల వెంట ఇసుక ఎగిరి గిన్నెలో పడదు. గుడారం లోపల గానీ, గుమ్మం దగ్గర గానీ బొగ్గు గానీ గ్యాసు పొయ్యి గానీ వెలిగించకండి. వాసన లేని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

కాల్చడానికి మన ప్రాంతంలో కొబ్బరిచిప్పలకు మించింది లేదు. రెండు కిలోల చేపకు పాతిక ముప్పై చిప్పలు చాలు. మంట అణిగి, పైన బూడిద పొర కట్టి, లోపల ఎర్రగా ఉన్నప్పుడు చేప పెట్టాలి. చువ్వల జల్లెడకు జానెడు పైన అరచెయ్యి నాలుగైదు అంకెలు లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలిగితే అదే సరైన వేడి. పలాస వైపు నుంచి వచ్చేటప్పుడు చవగ్గా దొరుకుతాయని జీడిగింజల పైపెంకులు మాత్రం తెచ్చుకోవద్దు. వాటిలోని జీడినూనె చర్మాన్ని పొక్కిస్తుంది, ఆ పొగ తగిలిన తిండీ తినదగదు, కళ్లూ మండిపోతాయి. రంగేసిన పాత పడవ చెక్కలు, ఫైబరు ముక్కలు కూడా అంతే.

కిలో కనగుర్తలకు, అంటే ఆరు నుంచి ఎనిమిది చేపలకు, ఉప్పు రెండు చెంచాలు, కారం రెండు, పసుపు అర, అల్లం వెల్లుల్లి ముద్ద ఒక పెద్ద చెంచా, నూనె రెండు పెద్ద చెంచాలు. ఒక్కో పక్క మూడు గాట్లు ముల్లు తగిలేదాకా పెట్టి, గాట్లలోకి పట్టించి, పావుగంట ఐసు పెట్టెలోనే ఉంచండి. గాట్లు మసాలా కోసమే కాదు. బాగా తాజా చేప ఇంకా బిగుసుకుని ఉంటుంది, వేడి తగలగానే విల్లులా వంగి తోలు చిరుగుతుంది. గాటు ఆ బిగువును వదులుతుంది. నిమ్మకాయ ముందే పిండితే కండ పాలు విరిగినట్టు పొడిపొడిగా అవుతుంది, దించాకే పిండాలి. జల్లెడ బాగా కాలాక చేపను పెట్టి ఐదు నిమిషాలు కదపకండి. అంటుకుందని పీకితే తోలు అక్కడే ఉండిపోతుంది. కాలిన తోలు తనంతట తనే వదులుతుంది. రెండో పక్క ఇంకో ఐదు నిమిషాలు. చందువ మందంగా ఉంటే ఒక్కో వైపు ఏడు. వెన్నుముల్లు దగ్గర కండ తెల్లబడి ముల్లును వదిలితే అయినట్టే. కవళ్లలో కొవ్వు ఎక్కువ, కారి మంట లేస్తుంది, కారం మాడి చేదెక్కుతుంది. వాటికి కారం తగ్గించి నిప్పుల అంచున కాల్చాలి.

నెత్తళ్లను ఆకులో చుట్టి కాల్చడమే మంచిది. ఇచ్ఛాపురం వైపు ఒడియా ఇళ్లలో దీన్ని పత్రపోడా అంటారు. అరకిలో నెత్తళ్లకు రెండు చెంచాల ఆవపొడి, రెండు పచ్చిమిర్చి, ఉప్పు, పసుపు, ఒక పెద్ద చెంచా నూనె. ఆవను ఇంట్లో పొడిగా కొట్టి తెచ్చుకుని, కాల్చే పది నిమిషాల ముందు చల్లటి నీళ్లతో కలపండి. ఆవ ఘాటు తడి తగిలాకే పుడుతుంది, కాసేపటికి తగ్గిపోతుంది. పొద్దున్నే నూరి తెచ్చిన ముద్దలో చేదే మిగులుతుంది. రెండు పొరల అరటాకులో పలచగా పొట్లం కట్టి, ఒక్కో వైపు ఎనిమిది నిమిషాలు నిప్పుల మీద. పై ఆకు నల్లబడాలి, లోపలిది పచ్చిగా ఉండకూడదు.

రొయ్యకు మూడు నిమిషాలు మించొద్దు. నెలవంకలా వంగితే ఉడికినట్టు, చుట్ట చుట్టుకుపోతే మించినట్టు. పీత ఎర్రబడగానే ఉడికిందనుకోవద్దు, పెంకు రంగు ముందే మారుతుంది. అరకిలో పీత మరిగే నీళ్లలో పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు ఉండాలి. సముద్రపు నీళ్లు ఒక వంతుకు మంచినీళ్లు రెండు వంతులు కలిపితే ఉప్పు వేయక్కర్లేదు. ఆ నీళ్లు వంశధార, నాగావళి, చంపావతి సముద్రంలో కలిసే చోట్లకు దూరంగా ఉన్న శుభ్రమైన ఒడ్డువైతేనే. నదీముఖాల్లో ఏరిన ఆల్చిప్పలు కూడా ఇందుకే వద్దు. నీళ్లలోని మురికినంతా వడగట్టి ఒంట్లో పెట్టుకునే జీవులవి, కొన్ని విషాలు ఉడికించినా పోవు. గాలి నింపుకుని బంతిలా ఉబ్బే చేప గాలానికి పడితే చేత్తో ముట్టకుండా గాలం కోసేయండి. దాని విషానికి ఏ వంటా విరుగుడు కాదు.

పులుసుకు సగం పని ఇంట్లోనే కావాలి. కిలో చేపకు రెండు పెద్ద ఉల్లిపాయలు సన్నగా తరిగి, నాలుగు పెద్ద చెంచాల నూనెలో ఎర్రగా వేపి, మూడు చెంచాల కారం, అర చెంచా పసుపు, చెంచా మెంతి జీలకర్ర పొడి కలిపి డబ్బాలో పెట్టుకోండి. యాభై గ్రాముల చింతపండు రసం మూడు చెంచాల ఉప్పుతో చిక్కగా మరిగించి సీసాలో పోసుకోండి. ఒడ్డున మందపాటి స్టీలు గిన్నెలో ఈ రెండూ వేసి, ముప్పావు లీటరు నీళ్లు పోసి, పచ్చిమిర్చి చీల్చి, నూనె పైకి తేలేదాకా పది పన్నెండు నిమిషాలు మూతపెట్టి మరిగించాలి. మూత లేకపోతే సగం వేడి గాలికే పోతుంది. అప్పుడు ఒక ఉసిరికాయంత బెల్లం, తర్వాత ముక్కలు. అంగుళం మందం ముక్కకు సన్న సెగ మీద ఎనిమిది నుంచి పది నిమిషాలు. గరిటె పెట్టకండి. గిన్నె అంచులు గుడ్డతో పట్టుకుని తిప్పండి. మట్టి దాకలో రుచి గొప్పదే, కానీ గాలికి ఒక పక్కే మంట తగిలి ప్రయాణంలో దాక పగులుతుంది. అల్యూమినియం గిన్నెలో చింతపండు పులుసు నిలవుంచకూడదు.

దించి అరగంట ఆగితే ముక్కకు పులుసు పడుతుంది. మర్నాటి చేపల పులుసు రుచి తెలియని ఇల్లు మన దగ్గర లేదు. కానీ ఆ లెక్క ఇంటి వంటగదికి. ఒడ్డున పదిమంది చేతులు, ఒకే గరిటె, ఇసుక, రాత్రంతా వెచ్చటి గాలి. తినగలిగినంతే వండండి, మిగిలిన పచ్చి చేప ఐసులోనే ఉంచి పొద్దున వండుకోండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలకు వేట నిషేధం. ఆ రోజుల్లో ఇంజన్ లేని తెప్పల మీద వచ్చేదే అసలైన ఒడ్డు చేప. పెద్ద కోనం (వంజరం), తూర కనిపిస్తే ఎక్కడినుంచి, ఎన్నాళ్ల ఐసులో వచ్చిందో అడగండి. జనవరి నుంచి మే దాకా ఇంకో సంగతి ఉంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన ఇసుకలో గుడ్లు పెడతాయి, 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. అవి వెలుతురున్న దిక్కుకే పాకుతాయి. నిప్పు, కారు లైట్లు ఉంటే సముద్రం వదిలి వాటివైపే వస్తాయి. ఆ నెలల్లో గుడారం దిబ్బల వెనక్కి వేసి, చీకటి పడకముందే వండి నిప్పు ఆర్పేయండి. బండి ఇసుకలోకి దించకండి, చక్రాల గాడిలో పడిన పిల్ల పైకి ఎక్కలేదు.

నిప్పు మీద ఇసుక కప్పితే ఆరినట్టు కాదు. పైకి ఏమీ కనపడదు, లోపల గంటల తరబడి కణకణలాడుతూనే ఉంటుంది. తెల్లారి ఆ ఇసుక మీద చెప్పుల్లేకుండా నడిచేది అలివి వల లాగేవాళ్లు, వాళ్ల పిల్లలు. మనం రాత్రి తిన్న చేప తెచ్చినవాళ్ల కాళ్లే అవి. బకెట్ నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ బకెట్ పోసి, చేతి వెనకభాగం దగ్గర పెట్టి వేడి లేదని చూశాక బొగ్గులన్నీ రేకు డబ్బాలోకి ఎత్తి వెంట తీసుకెళ్లండి.

బారువ, కళింగపట్నం, చింతపల్లి లాంటి చోట్ల పంచాయతీలు దిబ్బలకు వెనగ్గా ఒక సిమెంటు గచ్చు, నాలుగైదు ఇటుక పొయ్యిలు, నీళ్ల కుళాయి, చల్లారిన బొగ్గు వేయడానికి ఇనుప డ్రమ్ము పెట్టి, గుడారానికింత అని రుసుము తీసుకోవచ్చు. చేపలు కోసే ఆడవాళ్లకు ఆ గచ్చు మీదే నీడ, నీళ్లు కల్పించాలి. పెద్ద ఖర్చేమీ కాదు. మత్స్యశాఖ, అటవీశాఖ అధికారులు ఈ సంక్రాంతికే ఒక్కచోటైనా మొదలుపెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా